ఆరో క్లాజు

సభాపతి మందాకిని తలలో వడ్లగింజంత యంత్రం ఒకటి ఉందన్న సంగతి దేశమంతటికీ తెలుసు. అందులో దాపరికం లేదు. సభ అడిగింది, అన్ని పార్టీలూ సంతకాలు పెట్టాయి, ఆమె ఒప్పుకుంది. ఆ యంత్రాన్ని తయారుచేసిన డాక్టరు శశాంక ఆమెకి స్వయానా తమ్ముడని కూడా పేపర్లన్నీ రాశాయి. ఎవరికీ తెలియనిది ఒక్కటే మిగిలింది. అది తమ్ముడికి కూడా రెండేళ్లదాకా తెలియలేదు.

ఆమె ఆ కుర్చీ ఎక్కేనాటికి సభ సరిగ్గా నడవక ఏడాదిన్నర అయింది. రోజూ పదకొండింటికి గంట మోగేది, పదకొండుంబావుకి వాయిదా పడేది. ఎవరికి మైకు ఇచ్చినా పక్షపాతమే, ఎవరి మైకు ఆపినా పక్షపాతమే. సవరణల మీద ఓటింగు పెడితే లెక్క తప్పని ఒకరు, ఓటింగు గంట మోగడం ముందే ఆపేశారని ఒకరు. ముగ్గురు సభాపతులు వరసగా రాజీనామా చేశారు. మూడో ఆయన మీదకి ఎవరో పేపరువెయిటు విసిరితే ఎడమ కన్ను పోయింది. విసిరినవాణ్ణి సస్పెండు చెయ్యడానికి కూడా సభ ఒక మాట మీదకి రాలేకపోయింది.

అప్పుడే శశాంక పరిశోధన బయటికొచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందు మెదడులో నెత్తురు గడ్డకట్టిన ఒక రోగి అతని దగ్గరికి వచ్చాడు. తెలివితేటలకి లోటు లేదు. మాట స్పష్టం. కానీ కట్టుకున్న భార్య వచ్చినా, వార్డు ఊడ్చే మనిషి వచ్చినా ఒకేలా నవ్వేవాడు, ఒకేలా పలకరించేవాడు. శశాంక ఆ గడ్డ ఎక్కడుందో చూసి, ఆ చోటు ఏం చేస్తుందో నాలుగేళ్లు వెతికాడు. మనిషి తనవాళ్లని చూడగానే ఆ చోట చిన్న పొంగు వస్తుందని తేలింది. ఆ పొంగుని ఆపగలిగే యంత్రాన్ని వడ్లగింజంత చేశాడు. సభలో సగంమంది నవ్వారు. మిగతా సగం, ఇదేదో చూద్దామన్నారు.

మందాకిని అప్పటికి ఉపసభాపతి. అనకాపల్లి పక్కనించి నాలుగుసార్లు గెలిచింది. భర్త పోయి పదహారేళ్లు. ఒక్కతే కూతురు సువర్చల, లా చదువుతోంది.

"నేను చేయించుకుంటానురా," అంది తమ్ముడితో.

"ఆలోచించు అక్కా. వద్దనుకుంటే తర్వాత ఆపేయొచ్చనుకో. అయినా ఆలోచించు."

"ఆపేయొచ్చు కదా. ఇంకేం? సభ నడవాలి శశీ. నేను మా పార్టీవాడు లేస్తే తెలీకుండానే అటు తిరుగుతున్నాను. నాకే తెలుస్తోంది."

ఆపరేషనుకి ముందు లాబ్‌లో కూర్చోబెట్టి, తలకి తీగలు తగిలించి, తెరమీద ఫొటోలు చూపించాడు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలు వస్తున్నంతసేపూ కాయితం మీద గీత పడుకునే ఉంది. మధ్యలో సువర్చల ఫొటో వచ్చింది. స్కూలు బ్యాగు తగిలించుకుని, ముందు పళ్లు లేకుండా నవ్వుతున్న ఫొటో. గీత లేచి కాయితం అంచు దాటిపోయింది. అక్కాతమ్ముళ్లిద్దరూ నవ్వుకున్నారు. ఆపరేషనయిన ఆరువారాలకి మళ్లీ అవే ఫొటోలు వేశాడు. అదే పిల్ల, అవే ఊడిన పళ్లు. గీత కదల్లేదు.

"పనిచేసిందిరా," అంది మందాకిని. ఆ క్షణాన ఇద్దరికీ అది విజయంలాగే ఉంది.

సభ నడిచింది. అది మాత్రం ఎవరూ కాదనలేరు. ఆమె కుర్చీలో కూర్చున్న మొదటివారమే ప్రధాని ప్రసంగం మధ్యలో, సమయం అయిపోయిందని మైకు ఆపింది. ఆ సాయంత్రమే ప్రతిపక్ష నాయకుడి మైకూ ఆపింది. ఇద్దరికీ ఇచ్చింది సరిగ్గా పన్నెండు నిమిషాలే. మూజువాణి ఓటు పెట్టినప్పుడు రెండువైపుల గొంతులూ ఆమె చెవికి రెండు రేకుల మీద పడే వానలాగా వినిపించేవి. ఏ రేకు మీద ఎక్కువ పడుతోందో చెప్పేది, అంతే. పోట్లాడి అలిసిపోయిన సభ్యులు కొన్నాళ్లకి పోట్లాట మానేశారు. విదేశాలనించి పెద్దపెద్దవాళ్లు వచ్చి గ్యాలరీలో కూర్చుని ఆమెను చూసి వెళ్లేవారు.

ఇంట్లో ఏం జరుగుతోందో గ్యాలరీలో కూర్చునేవాళ్లకి కనిపించదు. అక్కడ అరుపులు లేవు, అలకలు లేవు. సువర్చల పరీక్షలో ఫస్టు వచ్చిందని చెబితే మందాకిని సంతోషించింది. ఆ పూటే వంటమనిషి మేనకోడలు పాసయిందని చెబితే అంతే సంతోషించింది. తేడా లేదు. మొదట్లో సువర్చల దీన్ని తమాషాగా చెప్పుకునేది. తర్వాత చెప్పుకోవడం మానేసింది.

రెండో ఏడు వానాకాలంలో సువర్చలకి డెంగీ వచ్చింది. ఊరంతా అదే జ్వరం. ఆస్పత్రిలో ఇంటెన్సివ్ కేరులో ఒక్క మంచం మిగిలింది. సూపరింటెండెంటు పరుగున వచ్చి, "మేడమ్, అమ్మాయిని లోపలికి తీసుకెళ్తున్నాం," అన్నాడు.

"వరసలో ఎన్నో నంబరు?" అని అడిగింది మందాకిని.

"అదేం లేదు మేడమ్, మీరు..."

"వరస ఉంటుంది కదా. ఎన్నో నంబరు?"

ఏడో నంబరు. మొదటి నంబరు ఒక ఆటోడ్రైవరు. మంచం అతనికి వెళ్లింది. సువర్చల రెండురోజులు వరండాలో స్ట్రెచరు మీద ఉంది. మందాకిని ఆమె పక్కనే కూర్చుని తడిగుడ్డ వేసింది. అటుపక్క స్ట్రెచరు మీదున్న ముసలామెకీ వేసింది. పేపర్లు ఆ ఫొటోని మొదటిపేజీలో వేశాయి. దేశంలో ఇలాంటి మనిషి ఒక్కరుంటే చాలని రాశాయి.

సువర్చల బతికింది. ఇంటికొచ్చేసరికి జుట్టు సగం ఊడిపోయి, చేతులు పుల్లల్లా అయిపోయాయి. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, తల్లి మొహంలోకి చూడకుండా అంది:

"నువ్వు చేసింది తప్పు కాదమ్మా. ఆ ఆటో ఆయనకి ముగ్గురు పిల్లలట. మంచం ఆయనకే ఇవ్వాలి. కానీ నువ్వు ఒక్కసారి కూడా తడుముకోలేదు. ఏడో నంబరు అనగానే సరే అన్నావు. నేను జ్వరంలోనూ వింటూనే ఉన్నా. ఒక్క క్షణం ఆగుతావేమో అని చూశా."

మందాకిని ఆ మాట గురించి నిజాయితీగా ఆలోచించింది. తడుముకుంటే ఏమొచ్చేది? జవాబు మారేది కాదు. అదే చెప్పింది. సువర్చల గ్లాసు అక్కడ పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడాదే ప్రభుత్వం సమదృష్టి బిల్లు తెచ్చింది. సభాపతికి పనిచేసింది కాబట్టి జడ్జీలకి, కలెక్టర్లకి, పోలీసు అధికారులకి, పరీక్షాధికారులకి కూడా ఆ యంత్రం పెట్టాలని. ఆరో క్లాజులో 'తప్పనిసరిగా' అన్న మాట ఉంది. సువర్చల అప్పటికి జూనియర్ జడ్జిగా ఎంపికయింది. చట్టం వస్తే మొదటి జట్టు నూటనలభై మందిలో ఆమె పేరుంటుంది.

చర్చ సోమవారం అనగా, ఆదివారం పొద్దున శశాంక కారు తెచ్చుకుని వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"లాబ్‌కి రా అక్కా. ఒక మనిషిని చూపించాలి."

లాబ్ వెనకగదిలో కిటికీ పక్కన కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. పేరు ఎస్తేరు. నర్సు. ప్రయోగానికి ముందుకొచ్చిన పన్నెండుమందిలో ఒకతె. ప్రమాదాల వార్డులో ఎవర్ని ముందు చూడాలో తేల్చే పని ఆమెది. యంత్రం పెట్టాక ఆమెలా పనిచేసినవాళ్లు లేరని ఆస్పత్రి మెచ్చుకుంది.

"ఆవిడకి చెప్పు ఎస్తేరూ," అన్నాడు శశాంక, గోడకి ఆనుకుని.

ఎస్తేరు మామూలుగా చెప్పింది. "మా క్వార్టర్సులో గ్యాసు పేలిందమ్మా. మా ఇంట్లో అప్పుడు ఇద్దరు పిల్లలున్నారు. పక్కింటి పాప, మా పాప. మా పాపకి నాలుగేళ్లు. పక్కింటి పాప గుమ్మానికి దగ్గరుంది, మా పాప లోపల. దగ్గరున్నవాళ్లని ముందు తియ్యాలి కదా. తీశాను. బయటపెట్టి వెనక్కి తిరిగేసరికి కప్పు కూలిపోయింది."

"మీరు చేసింది పద్ధతి ప్రకారమే," అంది మందాకిని.

"అవునమ్మా. ముందు మా పాప కోసం లోపలికి వెళ్లుంటే పిల్లలిద్దరూ పోయేవారని ఫైర్ ఆఫీసరు కూడా రాశాడు."

శశాంక మొహం చేతులతో కప్పుకున్నాడు. ఎస్తేరు అతనికేసి ఒకసారి చూసి, మళ్లీ చెప్పింది.

"సమాధి చేసేటప్పుడు మా ఆయన, మా అత్త, వీధంతా ఏడ్చారు. నాకు ఏడవాలని తెలుసమ్మా. రాలేదు. సార్ దగ్గరికొచ్చి ఆపేయండన్నాను. నా బిడ్డ కోసం ఏడ్చి తీరాలి కదా అన్నాను. సార్ ఆపేశారు. ఈరోజుకి ముప్పైనాలుగు రోజులైంది. రోజూ పొద్దున్నే వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటాను. పాప గౌను ఒళ్లో పెట్టుకుంటాను. ఇంకా రాలేదు." మందాకినికేసి తిరిగి, "మీకు తెలుస్తుంది కదమ్మా ఇది," అంది.

"తెలుస్తుంది," అంది మందాకిని.

ఇద్దరూ ఒకరికేసి ఒకరు చూసుకున్నారు. ఆ గదిలో ఏడుస్తున్నది శశాంక ఒక్కడే.

బయట వరండాలో అతను చెప్పాడు. ఏడాది దాటితే ఆ చోటు ఎండిపోతుంది. వాడని కాలువలా పూడిపోతుంది. యంత్రం ఆపినా, తీసేసినా ఇక ఏమీ పారదు. పన్నెండుమందినీ పరీక్షించాడు. పన్నెండుమందిదీ అంతే. పదిరోజుల కిందటే నివేదిక రాశాడు. లాబ్ నడిపే సంస్థ డైరెక్టర్లు బిల్లు గడిచేదాకా బయట పెట్టొద్దన్నారు. భయపడి ఊరుకున్నాడు.

"ఆపేయొచ్చని నేనే చెప్పానక్కా నీకు. తెలీక చెప్పాను. నీక్కూడా ఇంక రాదు."

"అర్థమైంది."

అతను ఆమె మొహంలో ఏదో వెతికాడు. ఏమీ దొరకలేదు కాబోలు, చూపు తిప్పుకున్నాడు.

"సువర్చల మొదటి జట్టులో ఉందక్కా."

"తెలుసు. ఆ జట్టులో నూటనలభై మంది ఉన్నారు. నివేదిక సభకి చేరాల్సిందే శశీ. సభ్యులకి తెలియాలి. కానీ దానికి పద్ధతుంది. చర్చకి ఒక పనిదినం ముందు, రాసినవాళ్ల సంతకంతో, సంస్థ ధ్రువీకరణతో నా ఆఫీసుకి అందాలి. శుక్రవారం నాలుగింటితో గడువైపోయింది."

"నువ్వు ఇప్పుడు కళ్లారా చూశావు కదా."

"నేను చూసింది సభ చూసినట్టు కాదు."

సోమవారం సభ నిండిపోయింది. గ్యాలరీలో రెండో వరసలో శశాంక, సువర్చల పక్కపక్కన కూర్చున్నారు. మంత్రి బిల్లు గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. మాటమాటకీ సభాపతి కుర్చీకేసి చెయ్యి చూపించాడు. తర్వాత సవరణల వంతు వచ్చింది. మొదటి ఐదు క్లాజుల మీద వచ్చినవి మూజువాణితో వీగిపోయాయి. ఆరో క్లాజు మీద ఒకటే సవరణ. 'తప్పనిసరిగా' అన్నచోట 'ఇష్టపూర్వకంగా' అని చేర్చాలి, ప్రయోగంలో పాల్గొన్నవాళ్ల సంగతి ప్రజలముందు పెట్టాకే అమలు మొదలెట్టాలి. ప్రతిపాదించింది పూసర్ల అప్పలకొండ. విజయనగరం వైపు జనపనార మిల్లులో పనిచేసి పైకొచ్చిన మనిషి. డెబ్బైఆరేళ్లు. ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడతాడు, మిగతావాళ్లు అనువాదం వింటారు.

ఆయన చేతిలో కాయితాల కట్ట ఉంది. శశాంక పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లి ఇచ్చాడని మందాకినికి వెంటనే అర్థమైంది.

"అజ్జక్షా," అన్నాడాయన, "ఇది ఆ యంతరం కనిపెట్టిన డాట్రుగారే రాసిన కాయితం. సంతకవూ ఆయందే. ఇందులో ఒక తల్లి కతుంది. ఇది సభ ముందు పెడతాను, ఒప్పుకోండి."

మంత్రి లేచి పాయింట్ ఆఫ్ ఆర్డర్ అన్నాడు. నోటీసు లేదు, ధ్రువీకరణ లేదు, చర్చ మధ్యలో కాయితం తెస్తే నిజమో అబద్ధమో ఎవరు చూస్తారన్నాడు. రెండువైపులా గోల మొదలైంది. మందాకిని చెయ్యెత్తింది. సభ ఆగింది.

ఆ కాయితంలో ఉన్నది నిజమని ఆ సభలో ఎరిగున్న మనిషి ఆమె ఒక్కతే. కిందటి నెలలో ఇదే మంత్రి ఇలాగే చివరి నిమిషంలో ఒక నివేదిక తెస్తే ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు ప్రతిపక్షం బల్లలు చరిచింది.

"గడువులోపల అందని పత్రాన్ని, సంస్థ ధ్రువీకరణ లేని పత్రాన్ని సభకి సమర్పించడానికి వీల్లేదు. కిందటి నెల పదోతారీఖున ఇచ్చిన రూలింగే ఇప్పుడూ వర్తిస్తుంది. సభ్యులు ఆ కాయితం నించి చదివిన మాటలు రికార్డుల్లోకి వెళ్లవు."

అప్పలకొండ కాయితాలు బల్లమీద పెట్టేశాడు. కూర్చోలేదు. ఆయన సమయంలో ఇంకా నాలుగు నిమిషాలుంది, అందుకని ఆమె కూర్చోమనలేదు.

"సరేనమ్మా," అన్నాడు. "కాయితం వద్దు. కాయితం దేనికి, ఎదురుగా మీరున్నారు కదా. రెండేళ్లనించి అది తలకాయలో పెట్టుకు కూకున్నది మీరే. ఇంతమందిలో తెలిసినోరు మీరొక్కరే. ఒక్క మాట చెప్పండి. ఎలాగుంది మీకు? మీ ఇంటికి మీరు ఎలాగెల్తన్నారు? మీ పిల్లదాని పేరు కూడా ఆ జట్టులో ఉందంట కదా. ఆ పిల్లకిది పెట్టమంటారా, వద్దంటారా? మీరు పెట్టమంటే నా సవరన నానే యెనక్కి తీసుకుంటాను."

అధికారపక్షంలోనూ కొంతమంది తలెత్తి చూశారు. గ్యాలరీలో సువర్చల ముందుకి వంగింది.

"సభాపతి చర్చలో పాల్గొనరు," అంది మందాకిని. "గౌరవ సభ్యులకి ఇంకా రెండు నిమిషాలుంది."

"నాకొద్దు తల్లీ," అని అప్పలకొండ కూర్చున్నాడు.

మూజువాణి పెడితే రెండు రేకుల మీదా ఒకే వాన. ఓట్లు లెక్కపెట్టమని డివిజన్ అడిగారు. గంటలు మోగాయి. తలుపులు వేశారు. బోర్డు మీద అంకెలు తిరిగి తిరిగి ఆగాయి. సవరణకి అనుకూలం రెండువందల అరవైఎనిమిది. వ్యతిరేకం రెండువందల అరవైఎనిమిది. అధికారపక్షంలో ముప్పైమంది పార్టీ మాట కాదని ముసలాయన వెనక నిలిచారు.

కార్యదర్శి లేచి వచ్చి, ఆమె చెవి దగ్గర వంగి మెల్లిగా అన్నాడు. "మేడమ్, మీ ఓటు."

ఆనవాయితీ ఏమిటో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. రెండువైపులా సమానమైతే సభాపతి ఓటు ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలి. సభలో మెజారిటీ లేని మార్పుని సభాపతి తన ఒక్క ఓటుతో తేకూడదు. బిల్లు ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. కానీ అది ఆనవాయితీ మాత్రమే, రూలు కాదు. ఆమె 'అనుకూలం' అంటే ఆపగలిగినవాళ్లు ఎవరూ లేరు.

ఆమె వెంటనే చెప్పలేదు. ఒక నిమిషం తీసుకుంది. ఆ నిమిషంలో ఆమె నిజంగా వెతికింది. కళ్లెత్తి గ్యాలరీలోకి చూసింది. తమ్ముడు చేతులు జోడించి ఉన్నాడు. కూతురు రెయిలింగు పట్టుకుని ఉంది. వాళ్ల పక్కన ఒక కాలేజీ అమ్మాయి నోట్సు రాసుకుంటోంది. ఆ వెనక ఎవరో పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఎస్తేరుని గుర్తుచేసుకుంది. ఆ గౌనుని గుర్తుచేసుకుంది. ఇక్కడ ఎక్కడో ఒకటి మిగతావాటికంటే బరువుగా ఉండాలని ఆమెకి తెలుసు. రెండేళ్ల కిందట ఉండేదనీ తెలుసు. ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూసింది. అన్నీ ఒకటే బరువు. ఆనవాయితీ ఒక్కటే ఏ వైపు చెప్పాలో చెబుతోంది.

"సభాపతి ఓటు 'వ్యతిరేకం'. సవరణ వీగిపోయింది. ఆరో క్లాజు బిల్లులో భాగంగా ఉంటుందా అన్నది ఇప్పుడు సభ ముందున్న ప్రశ్న."

తర్వాతి పని చకచకా అయిపోయింది. సవరణ పోయాక ఆ ముప్పైమందీ గూటికి చేరారు. మధ్యాహ్నం మూడున్నరకి బిల్లు నెగ్గింది. అధికారపక్షం బల్లలు చరుస్తుంటే ఆమె ఆపమంది. అప్పలకొండ బయటికి వెళుతూ కుర్చీ ముందు ఆగి, పద్ధతి ప్రకారం తలవంచి వెళ్లాడు. ఆ కాయితాలు బల్లమీదే ఉండిపోయాయి. సభ ముగిశాక ఊడ్చేవాళ్లు తీసేశారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మేనమామా మేనకోడలూ హాల్లో ఉన్నారు. శశాంక బతిమాలుతున్నాడు.

"ఉద్యోగం వదిలెయ్యి సువ్వీ. జడ్జీవి కాకపోతే మునిగిపోయిందేం లేదు. వకీలుగా చేసుకో. నిన్నెవరూ బలవంతం చెయ్యలేరు."

"ఉద్యోగం కోసం కాదు మావయ్యా."

"మరి దేనికే?"

సువర్చల తల్లిని చూపించింది, ఆమె అక్కడే ఉన్నా లేనట్టు. "ఈ ఇంట్లో నేనూ ఉండాలి కదా. రోజూ ఈవిడ ఎదురుగా కూర్చుని భోంచేస్తాను. వడ్డిస్తుంది, పలకరిస్తుంది, ఏ లోటూ చెయ్యదు. నేనొక్కదాన్నే ఆకలితో లేస్తున్నా మావయ్యా. నాకూ అది పెట్టేస్తే ఆకలన్నా పోతుంది."

సువర్చల లేచి వచ్చి తల్లి ముందు నిలబడింది. జ్వరం తర్వాత వచ్చిన జుట్టు ఇంకా మెడదాకానే ఉంది.

"అమ్మా. ఒక్కసారి వద్దని అను. ఇప్పుడే ఆ ఉద్యోగం కాయితం చింపేస్తా."

మందాకిని ఆలోచించింది. వద్దనడానికి కారణాలున్నాయి. ఇంక తిరిగిరాదు. ఎస్తేరు కుర్చీ ఉంది. అవి నూటనలభై మందికీ ఉన్న కారణాలే, అయినా కారణాలే. అడిగిన మనిషికి ఉన్నది చెప్పాలి.

"వద్దు," అంది.

సువర్చల ఆ మాట విన్నాక కూడా అలాగే చూస్తూ నిలబడింది. ఇంకేదో వస్తుందన్నట్టు. మందాకిని చెప్పాల్సింది చెప్పేసింది కాబట్టి ఊరుకుంది.

"అలా కాదమ్మా," అంది సువర్చల చాలా మెల్లిగా. "అలా కాదు." తర్వాత కన్నీళ్లు తుడుచుకుని, మేనమామ పక్కకి వెళ్లి కూర్చుంది.

శశాంక లాబ్‌కి రాజీనామా చేశాడు. దానివల్ల ఆగిందేమీ లేదు. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్లు నలుగురున్నారు. నివేదికని పేపర్లకి ఇచ్చాడు. ఉద్యోగం పోయిన కోపంతో రాశాడని సంస్థ అంది. ఎస్తేరుని టీవీవాళ్లు పిలిచి అడిగారు. ఆమె ఎంత ప్రశాంతంగా చెప్పిందంటే, ఇంత నిబ్బరమైన మనిషికి అన్యాయం ఏం జరిగిందని చూసినవాళ్లకి అనిపించింది. మొదటి జట్టు ఆపరేషన్లు రెండునెలల్లో పూర్తయ్యాయి.

సువర్చలకి రాయగడ అవతల కొండల్లో ఒక చిన్నకోర్టుకి పోస్టింగు వచ్చింది. జడ్జీలకి ఫస్టు క్లాసు టిక్కెట్టు ఇస్తారు. అది వద్దని, వరసలో దొరికిన స్లీపరు బెర్తు తీసుకుంది. మధ్యాహ్నం రైలు. శశాంక వస్తానంటే మందాకిని కారులో ఎక్కించుకుంది.

ప్లాట్‌ఫారం మీద సువర్చల చురుగ్గా ఉంది. మొహం తేటపడింది. ఒక ముసలాయన పెట్టె ఎక్కించి పెట్టింది. ఎవరో పసిపిల్లాడు ఏడుస్తుంటే ఎత్తుకుని వాడి తల్లికి అందించింది. రైలు కదలడానికి రెండు నిమిషాలుందని చెప్పాక వీళ్ల దగ్గరికొచ్చింది. శశాంక రెండు చేతులూ పట్టుకుని నవ్వింది. ఇందాక ముసలాయనకేసి నవ్విందీ ఆ నవ్వే.

"మీరింత దూరం వచ్చారు. ఎండగా ఉంది, నీడలో నిలబడండి," అంది. తర్వాత తల్లివైపు తిరిగి, చేతులు జోడించింది. "వెళ్లొస్తానండీ."

"మంచిదండీ," అంది మందాకిని. "జాగ్రత్తగా వెళ్లిరండి."

శశాంక అక్కడున్న సిమెంటు బెంచీ మీద కూలబడిపోయాడు. మందాకిని అతనికి మంచినీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. అతను తాగలేదు. సీసా పట్టుకుని, అక్క మొహంలోకి, పెట్టె ఎక్కుతున్న మేనకోడలి వీపుకేసి మార్చి మార్చి చూస్తున్నాడు.

రైలు కదిలింది. స్లీపరు పెట్టెల కిటికీల్లోంచి చేతులు బయటికొచ్చాయి. గాజులున్నవి, లేనివి, పిల్లలవి, పెద్దలవి. మందాకిని చెయ్యెత్తి ఊపింది. ప్రతి కిటికీకీ ఊపింది, ఒక్కటీ వదలకుండా, ఆఖరి పెట్టె దాటేదాకా. ఆ చేతుల్లో సువర్చలది ఏదో చూడాలని ఆమెకి తోచలేదు.